గుర్రం ఫిరంగిపురం మూడు

చదరంగం పుట: పాఠకుల ప్రశ్నలు, పెరంబూరు టీచరు జవాబులు

ప్రశ్న: టీచర్ గారూ, మాది బెంగళూరు, మారతహళ్ళి. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళం పదిహేను మందిమి కలిసి 2018లో చెస్ క్లబ్బు పెట్టుకున్నాం. 2020 మార్చిలో మూసిన గది మళ్ళీ తెరవలేదు. ఇప్పుడందులో జిమ్ సామాను పెట్టారు. మళ్ళీ మొదలుపెడదామని అసోసియేషన్ వాళ్ళని అడిగితే, "అందరూ ఫోన్లోనే ఆడుకుంటున్నారుగా, గది దేనికి? రేపు మళ్ళీ కరోనా లాంటిది వస్తే మళ్ళీ మూసుకోవడమేగా" అంటున్నారు. చెన్నైలో మీ క్లబ్బు ఆ రెండేళ్ళూ ఆగలేదని విన్నాం. ఎలా నడిపారు? వాళ్ళకి ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆగలేదని మీకు ఎవరు చెప్పారో గానీ, అది పూర్తిగా నిజం కాదు బాబూ. మొదట్లో నెల రోజులకు పైగా ఆగింది. అది నా తప్పే. చెబుతాను.

మా క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. పెరంబూరులో ఓ మందుల షాపు పైన ఒక గది. చుట్టి పెట్టుకునే బోర్డులు పన్నెండు, పావుల సెట్లు పది, గడియారాలు ఆరు. వాటిల్లో రెండు ఇంకా కీ ఇచ్చేవే. రిజిస్టర్లో ముప్పై ఒక్క పేర్లు. సగం మంది బడి పిల్లలు, మిగతావాళ్ళలో ఎక్కువమంది రైల్వే కారేజ్ వర్క్స్‌లోనో కోచ్ ఫ్యాక్టరీలోనో చేసి రిటైరైన మన తెలుగువాళ్ళు. నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి, ఆదివారం నాలుగు కొట్టగానే పేర్లు పిలిచి హాజరు వేయకపోతే చెయ్యి ఊరుకోదు. డెబ్బై ఎనిమిదేళ్ళ బాబాయి గారు కూడా "ప్రెజెంట్ టీచర్" అనాల్సిందే. అని నవ్వుకునేవారు.

2020 మార్చి 15 ఆదివారం చివరిసారి హాజరు వేశాను. 22న జనతా కర్ఫ్యూ, 24 అర్ధరాత్రి నుంచి లాక్‌డౌన్. మూడు వారాలేగా, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. మూడు వారాలు పోయి ఇంకో మూడు వారాలు పొడిగించాక, పిల్లలే మొదలుపెట్టారు: "టీచర్, లిచెస్ సైట్లో ఆడదాం, ఫ్రీ." వాళ్ళే నాకు ఖాతా తెరిచి, టీమ్ పెట్టి, ఆదివారం నాలుగింటికి టోర్నమెంట్ అని రాశారు. మొహాలు చూసుకోవడానికి జూమ్. అక్కడ ఓ లెక్క తప్పింది. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లు కలిసేలా పెట్టాం. నలభై ఎత్తుల ఆటైతే ఒక్కొక్కరికి పదిహేను నిమిషాల మీద నాలుగు వందల సెకన్లు. ఇద్దరికీ కలిపి నలభై మూడు నిమిషాలు దాటుతుంది. డబ్బు కట్టని జూమ్ నలభై నిమిషాలకు మూసుకుంటుంది. సరిగ్గా ఎవరిదో రాజు ఇరుక్కున్నప్పుడు మొహాలన్నీ మాయం! రెండో వారం నుంచి పది నిమిషాలు, ఐదు సెకన్లకు దించాం. ఇరవై ఏడు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా పదమూడు నిమిషాలు ఆ ఆట గురించి పోట్లాడుకోవడానికి. నన్నడిగితే ఆ పదమూడు నిమిషాలే క్లబ్బు.

కరెంటు పోయినా, నెట్టు పోయినా ఆట ఓడినట్టు కాదని రూలు పెట్టాం. అదే పొజిషన్ నుంచి మర్నాడు కొనసాగించుకోవాలి. కొంతమంది పెద్దవాళ్ళు ఇదేం రూలు అన్నారు. ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో రష్యాతో ఆడుతుండగా మన నిహాల్ సరీన్‌కీ, దివ్యా దేశ్‌ముఖ్‌కీ కనెక్షన్ పోయింది. ముందు రష్యా గెలిచిందన్నారు. మనవాళ్ళు అప్పీలు చేశాక రెండు దేశాలకూ బంగారం ఇచ్చారు. ఆ రాత్రి తర్వాత మా రూలు గురించి ఎవరూ నోరెత్తలేదు. లీగ్ పట్టిక కూడా చెరపలేదు, మార్చి 15న ఎక్కడుందో అక్కడే ఉంచాం. ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చడానికి రష్యాలో ఎనిమిది మంది ఆడుతున్న క్యాండిడేట్స్ టోర్నమెంటునే ఏడు రౌండ్ల దగ్గర ఆపేసి, ఏడాది పోయాక అక్కణ్ణుంచే కొనసాగించారు. మా పెరంబూరు లీగుకి వచ్చిన తొందరేముంది?

ఇంతవరకు బాగానే ఉంది. నా అసలు తప్పు ఇప్పుడొస్తోంది. మే మొదటి ఆదివారం ఊరికే పాత రిజిస్టరు తీసి చూశాను. ముప్పై ఒక్కమందిలో ఆన్‌లైన్‌కి వస్తున్నది పద్నాలుగు మంది. అందరూ పిల్లలే, లేదా ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళే. మిగతా పదిహేడు మంది ఎలా ఉన్నారో నెలన్నరగా నాకు తెలియదు! క్లబ్బు నడుస్తోందని నలుగురికీ చెప్పుకుంటున్నాను కూడా. సిగ్గేసింది. ఆ సాయంత్రమే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కారేజ్ వర్క్స్ బాబాయి గారు ఎత్తగానే "ప్రెజెంట్ టీచర్" అన్నారు. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. మనవడి ఫోన్లో ఓసారి ప్రయత్నించారట. "చదరంగం కాదమ్మా అది, చీమలు పాకినట్టుంది" అన్నారు.

సరే, ఫోన్లోనే చెప్పుకుంటూ ఆడదాం అనుకున్నాం. ఇద్దరి ఇళ్ళలోనూ చెరో బోర్డు. ఎత్తు నోటితో చెప్పాలి, అవతలివాళ్ళు తమ బోర్డు మీద రెండు రంగుల పావులూ తామే కదుపుకోవాలి. బోర్డు లేని ఒకాయన క్యాలెండర్ వెనక గళ్ళు గీసి, చింతపిక్కలతో బంట్లు చేసుకున్నారు. రోజూ ఆరున్నరకి, పూటకి పదేసి ఎత్తులు.

మొదటి రోజే గొడవ. బోర్డు నిలువు వరుసలకి ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, ఆ రెండూ కలిపితే గడి పేరు. బి, సి, డి, ఇ, జి అన్నీ ఫోన్లో ఒక్కలాగే వినపడతాయి. పైగా కొందరికి చెవులు అంతంతమాత్రం. ఒకరు డి4 అంటే ఇంకొకరు బి4 ఆడుకుని, పన్నెండో ఎత్తుకి గానీ ఇద్దరి బోర్డులూ వేరని తెలియలేదు. అప్పుడు బాబాయి గారే దారి చెప్పారు. జీవితమంతా రైళ్ళలో గడిపిన మనిషి కదా, నిలువు వరుసలకి ఊళ్ళ పేర్లు పెట్టేశారు. అమలాపురం, బాపట్ల, చీరాల, ధర్మవరం, ఏలూరు... ఎఫ్‌కి ఊరు దొరక్క రెండు రోజులు కొట్టుకున్నాం. గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే లైన్లో ఫిరంగిపురం ఉందని ఆయనే పట్టుకొచ్చారు. తర్వాత గూడూరు, హిందూపురం.

ఆయనకి జోడీ ఐదో క్లాసు పిల్ల. నేను కాన్ఫరెన్స్ కాల్లో వినేదాన్ని.

"ఏలూరు నాలుగు."

"ఏలూరు ఐదు, తాతయ్యా."

"గుర్రం ఫిరంగిపురం మూడు."

"నా గుర్రం చీరాల ఆరు."

"శకటు బాపట్ల ఐదు."

"శకటు అంటే ఏంటి తాతయ్యా?"

"అదేనే, మీ బిషప్పు."

"ఓ. బంటు అమలాపురం ఆరు."

"అమలాపురం నుంచి తరుముతున్నావా! చీరాలలో నీ గుర్రాన్ని కొట్టనా, అమలాపురం నాలుక్కి తగ్గనా..."

వెనకనుంచి పిన్ని గారి గొంతు: "ఎవరికండీ ఆ టిక్కెట్లు? రైళ్ళే నడవట్లేదుగా!"

నెల తిరిగేసరికి ఇరవై తొమ్మిది మంది హాజరు. ఇద్దరు మాత్రం సొంతూళ్ళకి వెళ్ళిపోయారు. చీకటి పడ్డాక పెరంబూరు వీధుల్లో గుర్రం గూడూరు ఐదు అని కేకలు వినపడేవంటే నమ్మండి.

జూన్‌లో మా పక్కవీధికి కార్పొరేషన్ వాళ్ళు రేకులు కొట్టేశారు. ఆ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దాయన ఓ సాయంత్రం ఆరున్నరకి ఫోన్ ఎత్తలేదు. ఏడింటికీ ఎత్తలేదు. ఎనిమిదేళ్ళుగా ఒక్క ఆదివారం మానని మనిషి. ఎదురింటి కుర్రాడికి చెబితే వెళ్ళి తలుపు కొట్టాడు. జ్వరంతో మంచం మీంచి లేవలేకపోతున్నారు. ఫీవర్ క్యాంపు వాళ్ళని పిలిచి ఆసుపత్రికి పంపారు. పదిహేడు రోజులకి తిరిగొచ్చి ఆయన నాతో అన్న మొదటి మాట: "టీచర్, ఆ ఆటలో నాకు ఏనుగు ఎక్కువుంది, గుర్తుందిగా?" నిజమే, ఉంది.

మరుసటి ఏడాది మేలో, రెండోసారి వచ్చినప్పుడు, అలా తిరిగిరానివాళ్ళు ఇద్దరు. వాళ్ళ పేర్లు కొట్టెయ్యలేదు.

గది సంగతి. ఇంటాయన అద్దె తగ్గించనన్నాడు, ఆయన ఇబ్బంది ఆయనది. మేం చందా రద్దు చేసి, ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వమన్నాం. మూడు నెలలు నేనే కట్టాను. తర్వాత దుబాయిలో ఉన్న పాత విద్యార్థి కట్టాడు. నవంబరులో నివర్ తుఫాను అప్పుడు గుర్తొచ్చింది, ఆ గది కిటికీ రెక్క సరిగా పడదని. వెళ్ళి చూస్తే చుట్టి పెట్టిన బోర్డులు తడిసి అంటుకుపోయాయి. విడదీస్తే నల్ల గళ్ళ రంగు తెల్ల గళ్ళ మీదకి వచ్చింది. ఇప్పటికీ వాటి మీదే ఆడుతున్నాం. కొత్తగా వచ్చిన పిల్లలు ఇవేం బోర్డులని అడిగితే నివర్ బోర్డులంటాం. మూసిన గదికి నెలకోసారైనా ఎవరో ఒకరు వెళ్ళి రావాలి. ఇది రాసిపెట్టుకోండి.

ఆ డిసెంబరులో మేడ మీద ఆట మొదలుపెట్టాం. చదరంగంతో వచ్చిన చిక్కేమిటంటే బోర్డు వెడల్పు మూరెడు. ఇద్దరూ వంగి ఆలోచిస్తే మొహాలు దగ్గరకొచ్చేస్తాయి. అప్పుడు ఫోన్ ఆటే పనికొచ్చింది. ఒక్క ఆటకి రెండు బోర్డులు, రెండు బల్లలు, మధ్యలో ఆరడుగులు. ఎవరి సెట్టు వాళ్ళదే, ఎవరి పావుని ఇంకొకరు తాకరు. ఎత్తు గట్టిగా చెప్పాలి, మాస్కులోంచి. అందుకని ఊళ్ళ పేర్లు అలాగే ఉండిపోయాయి. శానిటైజర్‌తో తుడిస్తే కొయ్య పావుల పాలిష్ పోయింది. ప్లాస్టిక్ వాటిని సబ్బునీళ్ళలో కడిగి ఎండబెట్టడం మేలు.

మీ అసోసియేషన్ వాళ్ళకి ఏం చెప్పాలి అన్నారు. ఫోన్లో ప్రపంచంలో ఎవరితోనైనా ఆడొచ్చు, వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. విశ్వనాథన్ ఆనంద్ అంతటివాడే జర్మనీలో మూడు నెలలు చిక్కుపడి, ఆన్‌లైన్‌లో ఆడుకుంటూ గడిపి, 2020 మే 30న మీ బెంగళూరులోనే దిగి క్వారంటైన్‌లో ఉన్నాడు. కానీ ఫోన్లో అవతలివాడు ఆదివారం రాకపోతే మీరు ఇంకొకడితో ఆడుకుంటారు, వాడేమయ్యాడని అడగరు. ఎవరు రాలేదో అడగడానికి ఒక మనిషి, ఒక పుస్తకం ఉండాలి. గది ఇవ్వకపోతే పోనీ, లిఫ్టు పక్కన రెండు బల్లలు అడగండి. జిమ్ సామాను సంగతి మాత్రం నేను చెప్పలేను. ఆ పోట్లాట మీదే.

ప్రశ్న: మా అబ్బాయి ఆడే ఆన్‌లైన్ క్లబ్బులో కొందరు పిల్లలు పక్కన కంప్యూటర్ ఎత్తులు చూసి ఆడుతున్నారు. నిర్వాహకులు పట్టించుకోవడం లేదు. ఏం చెయ్యాలి?
— ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: పిల్లల్నే అంటే ఎలా? 2021 జూన్‌లో కరోనా సాయం కోసం ఆనంద్ సరదాగా ఆడిన ఆటలో, పేరున్న ఓ వ్యాపారవేత్త కంప్యూటర్ సాయం తీసుకున్నానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. పెద్దాయనకే ఆగలేదు చెయ్యి.

మా దగ్గర కూడా ఒకడు పట్టుబడ్డాడు. ఎనిమిదో క్లాసు. మార్చి దాకా గుర్రాన్ని ఊరికే పారేసుకునేవాడు, జూన్‌లో ఏనుగుని బలిచ్చి ఆరు ఎత్తుల్లో మేట్ చేశాడు. అందరి ముందు అనలేదు. ఆట అయ్యాక, "ఆ ఏనుగు ఎందుకిచ్చావు నాన్నా, నాకు అర్థం కాలేదు, చెప్పవూ" అన్నాను. కాసేపు చూశాడు. కెమెరా ఆపేశాడు. రాత్రి వాళ్ళమ్మ ఫోన్లోంచి మెసేజి పెట్టాడు. తర్వాత వారం నుంచి గెలిచిన ప్రతివాళ్ళూ తమ ఆటలో ఒక ఎత్తు గురించి చెప్పాలని పెట్టాం, బహుమతులు తీసేశాం. చూసి ఆడటం దాదాపు ఆగింది. గెలిస్తే ఏమీ రాకపోగా, లేచి వివరించాలంటే ఎవడు చూసి ఆడతాడు?

నిర్వాహకులు కాదంటే మీరు మీ వాడికే ఈ అలవాటు చెయ్యండి. ఓడినా సరే.

ప్రశ్న: మా పాప కరోనా టైంలో ఆన్‌లైన్‌లో నేర్చుకుంది. ఫోన్లో చాలా బాగా ఆడుతుంది. నిజం బోర్డు మీద టోర్నమెంట్‌కి వెళ్తే తనకన్నా తక్కువవాళ్ళ చేతిలో ఓడిపోతుంది. టెన్షన్ అనుకోవాలా?
— ఒక తల్లి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: టెన్షన్ కొంత ఉంటుందమ్మా. కానీ ఒక సంగతి అడగండి: బోర్డు మీద తప్పు ఎత్తులు వేస్తోందా? రాజుకి చెక్ ఉన్నా వేరే పావు కదుపుతోందా? మేం మళ్ళీ గదిలో ఆడటం మొదలుపెట్టినప్పుడు, ఆన్‌లైన్‌లోనే ఆట నేర్చుకున్న నలుగురు పిల్లలు అచ్చం ఇదే చేశారు. ఫోను తప్పు ఎత్తు వెయ్యనివ్వదు, వెళ్ళగల గళ్ళన్నీ చుక్కలు పెట్టి చూపిస్తుంది. ఆ చుక్కలు లేక పిల్లల కళ్ళు తడబడతాయి. టోర్నమెంట్లో మొదటి తప్పు ఎత్తుకి ఎదుటివాళ్ళకి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారైతే ఆటే పోతుంది.

ఇంకోటి. ఫోన్లో పావు మీద వేలు పెట్టి తీసెయ్యొచ్చు, బోర్డు మీద తాకితే ఆడాల్సిందే. మీ పాప చేతులు ఎక్కడుంటున్నాయో చూడండి. బోర్డు మీద తిరుగుతుంటే, రెండు చేతుల మీదా కూర్చుని ఆలోచించమనండి. నవ్వకండి, నేను ముప్పై మందికి నేర్పాను ఈ మందు.

రోజూ ఓ ఆట బోర్డు మీద, గడియారంతో, ఎత్తులు కాయితం మీద రాసుకుంటూ ఆడించండి. మీరే ఎదురు కూర్చోండి. ఆట రాకపోయినా ఫరవాలేదు. రెండు నెలలు చాలు.

ప్రశ్న: అమ్మా, నాకు ఎనభై రెండు. ఒకప్పుడు పోస్టుకార్డు మీద చదరంగం ఆడేవాణ్ణి. కార్డుకో ఎత్తు, ఒక్కో ఆట రెండేళ్ళు. నా జోడీ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఎవరైనా అలా ఆడతారా?
— ఒక వృద్ధుడు, తిరుపతి

జవాబు: నమస్కారం బాబాయి గారూ. దూరం నుంచి ఆడే ఆటకు అంతర్జాతీయ సంస్థ 1951 నుంచీ ఉంది, ఇప్పటికీ టోర్నమెంట్లు పెడుతుంది. కానీ ఇప్పుడు ఎక్కువగా ఇంటర్నెట్ మీదే. పైగా అక్కడ కంప్యూటర్ సాయం తీసుకోవడం తప్పు కాదు, రూలే ఒప్పుకుంటుంది. మీకు నచ్చదనుకుంటాను.

దూరం ఆట చిన్నచూపు చూసేవాళ్ళకి ఓ సంగతి చెబుతుండండి. 1965లో హవానా టోర్నమెంటుకి బాబీ ఫిషర్‌ని అమెరికా ప్రభుత్వం క్యూబా వెళ్ళనివ్వలేదు. న్యూయార్క్‌లో మార్షల్ క్లబ్బులో కూర్చుని తీగ మీద అక్షరాలు పంపే టెలిటైపు యంత్రంతో ఎత్తులు పంపుతూ మొత్తం టోర్నమెంట్ ఆడాడు. గెలిచిన స్మిస్లోవ్ కన్నా అర పాయింటే వెనక.

మీరు రాసిన ఉత్తరం పెరంబూరు బాబాయి గారికి చదివి వినిపించాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, జోడీ పిల్ల పెద్ద క్లాసుకొచ్చి చదువులో పడింది. కార్డు రాసే ఓపిక ఉందన్నారు. పత్రిక చిరునామాకి మీ జవాబు పంపండి, మేం ఆయనకి చేరుస్తాం. తెల్ల పావులు తనకే కావాలన్నారు, మొదటి ఎత్తు నాతో రాయించారు: ఏలూరు నాలుగు.